మావారి నాలుగు పాంట్లు

మా చెన్నైలో అందరూ టి.నగర్ అని పొట్టిగా పిలుచుకునే పేటకి అసలు పేరు త్యాగరాయ నగర్. ఆ త్యాగరాయ ఎవరో ఇక్కడి కుర్రకారుకి చెబితేగాని తెలియదు. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారు (1852-1925) జస్టిస్ పార్టీ నాయకుల్లో ముఖ్యులు, మద్రాసు కార్పొరేషనుకి అధ్యక్షులుగా చేసినవారు. దేవాంగుల ఇంట పుట్టిన మన తెలుగువారు. మగ్గం ఎరిగిన కులంలోని పెద్దమనిషి పేరు పెట్టుకున్న పేట చివరికి బట్టల బజారు కావడం న్యాయంగానే ఉంది. కాకపోతే ఇప్పుడక్కడ తాను విప్పించి మీటర్ల లెక్కన గుడ్డ కొనేవాళ్ళు తగ్గిపోయి, కుట్టి మడతపెట్టి ఉంచినవి కొనేవాళ్ళు పెరిగారు. ఆ కుట్టినవాటిని విప్పి, మనిషికి తగ్గట్టు మళ్ళీ కుట్టిపెట్టే దర్జీలు మాత్రం పెద్ద దుకాణాల వెనక సందుల్లో, మెట్ల కింద, మిషనూ స్టూలూ పట్టేటంత జాగాలో కూర్చుని ఉంటారు. వాళ్ళలో ఒకతని గురించీ, మావారి నాలుగు పాంట్ల గురించీ రాద్దామని కూర్చున్నాను.

మా పెళ్ళయిన కొత్తలో, అంటే 1983 ప్రాంతాల్లో, మా ఇళ్ళలో మగవాళ్ళ పాంటు అంటే గుడ్డ కొని దర్జీకిచ్చి కుట్టించుకునేదే. దర్జీ కొలతలు తీసుకుని లోపల కాస్త గుడ్డ వదిలేవాడు. నడుము వెనక కుట్టులో అంగుళంన్నర, కాలి అడుగు మడతలో రెండంగుళాలు. గుడ్డ మనదే కాబట్టి వదిలితే అతనికి పోయేదేమీ లేదు. పెళ్ళయిన మగవాడికి బొజ్జ వస్తుందని అతనికి మనకంటే ముందే తెలుసు. ఎదిగే పిల్లల పాంట్లకైతే ఏటేటా అడుగు మడత విప్పేవాళ్ళం. విప్పినచోట వెలవని గుడ్డ ముదురు గీతలా కనిపించేది. పిల్లాడు ఏడాదికి ఎంత సాగాడో ఆ గీతలు చూసి చెప్పవచ్చు. బెల్‌బాటమ్‌లు పోయి సన్నకాళ్ళ ఫ్యాషను వచ్చినప్పుడు కూడా మా మరుదులెవరూ కొత్తవి కొనలేదు. ఉన్నవాటినే సన్నం చేయించుకుని తిరిగారు.

జీన్సు కూడా కొన్నాళ్ళు దర్జీ చేతిమీదుగానే నడిచింది. 1995లో అర్వింద్ మిల్స్ వారు ‘రఫ్ అండ్ టఫ్’ అని జీన్సును కుట్టకుండా అమ్మారు. డెనిమ్ గుడ్డ, జిప్పు, రివెట్లు, బొత్తాము, వెనక అంటించే ముక్క, అన్నీ కలిపి 195 రూపాయలు. తీసుకెళ్ళి మీ వీధి దర్జీతో కుట్టించుకోండి అన్నారు. మా చిన్న మరిది అలాగే కుట్టించుకుని, అది విదేశీ సరుకని స్నేహితులతో చెప్పుకుని తిరిగాడు. అది అతనికి ఒంటికి అతికినట్టు ఉండేదంటే, కొలతలు అతనివి కాబట్టి.

రెడీమేడ్ పాంటులో ఆ ముచ్చట లేదు. అక్కడ కొలత మనది కాదు, అంకెది. ఆ అంకె కూడా నిజం చెప్పదు. 34 అని రాసి ఉన్న పాంటు నడుముకి టేపు పెట్టి చూస్తే ఒకదానికి 35, ఒకదానికి 36 వస్తుంది. కొనేవాడు ‘నేనింకా ముప్ఫై నాలుగే’ అని సంతోషించాలని కొందరు కావాలనే వదులుగా కుడతారట. పైగా చాలా కంపెనీలు వాడే పట్టికలు పరదేశపు ఒళ్ళను చూసి వేసినవి. మనవాళ్ళ కొలతల పట్టిక తయారుచేయడానికి నిఫ్ట్ సంస్థ ‘ఇండియాసైజ్’ అని ఒక సర్వే తలపెట్టింది. ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ళ వయసున్న 25,000 మందికి పైగా జనాన్ని, ఒంటిమీద చెయ్యి వేయకుండా త్రీడీ స్కానర్లతో కొలవాలని పథకం. ఆ ఆరింటిలో హైదరాబాదు ఉంది, బెంగుళూరు ఉంది, మా చెన్నై లేదు. మావారికి అరవై ఎనిమిది కాబట్టి ఉన్నా ఆ లెక్కలోకి వచ్చేవారు కాదనుకోండి.

అసలు సంగతికి వస్తాను. నిరుడు మావారికి పేగుకి ఆపరేషను జరిగింది. డెబ్బై ఎనిమిది కిలోల మనిషి ఇంటికి వచ్చేసరికి అరవై నాలుగు. మూడు నెలలు లుంగీలోనే గడిపారు. తర్వాత డాక్టరు నడవమన్నారు. మా ఇల్లు మైలాపూరులో, లజ్ దగ్గర. నడకంటే మాకు నాగేశ్వరరావు పార్కే. అమృతాంజనం కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరున్న పార్కు. మొదటి వారం ఉత్సాహంగానే వెళ్ళారు. రెండో వారం కాళ్ళు నొప్పులన్నారు. మూడో వారం ఎండ అన్నారు, పొద్దున్న ఆరు గంటలకి!

ఒకరోజు బలవంతాన బయలుదేరదీసి నేనూ వెంట వెళ్ళాను. నడుస్తున్నంతసేపూ ఎడమచెయ్యి జేబులోంచి తియ్యలేదు. ఎవరో పాత ఆఫీసు మిత్రుడు ఎదురై రెండు చేతులూ జోడించి నమస్కారం పెడితే, ఈయన ఒంటిచేత్తో నుదుటిదాకా ఎత్తి ఊరుకున్నారు. అప్పుడర్థమైంది నాకు, జేబులో చెయ్యి పాంటును పట్టుకుని ఉందని. బెల్టుకి మేకుతో రెండు కన్నాలు అదనంగా పొడిచారు కూడా. కాని ముప్ఫై ఎనిమిది నడుమును ముప్ఫై నాలుగుకి బెల్టుతో బిగిస్తే గుడ్డంతా బొడ్డు దగ్గర గోనెసంచి మూతిలా ముడుచుకుంటుంది. ఆ ముడతలు సరిగ్గా ఆపరేషను గాటు మీద కూర్చుంటాయి.

“పంచె కట్టుకోండి” అన్నాను. మాట్లాడలేదు. మూడు నెలల లుంగీ తర్వాత ఆయనకి పంచె అన్నా మంచమే గుర్తుకొస్తున్నట్టుంది. పూనా నుంచి మా అమ్మాయి ఫోనులో, “నాన్నా, ముప్ఫై నాలుగు సైజువి రెండు ఆర్డరు పెట్టేస్తాను” అంది. “వద్దమ్మా” అన్నారు. ఫోను పెట్టేశాక నాతో అన్నారు: “అవి కొంటే ఇంక ఇంతేనని రాసిచ్చినట్టేనోయ్.”

మర్నాడు నాలుగు పాంట్లూ సంచిలో వేసుకుని నేనే టి.నగర్ వెళ్ళాను. రెండు ఖాకీరంగు కాటనువి, ఒకటి బూడిదరంగుది, ఒకటి అమ్మాయి కొనిచ్చిన జీన్సు. పిల్లల స్కూలు యూనిఫారాల నాటి నుంచీ నాకు తెలిసిన దర్జీ ఒకతను అక్కడున్నాడు. తిరుత్తణి వైపు మనిషి, మన తెలుగే. పాండీ బజారు కాలిబాట మీద ఉన్న దుకాణాలను 2013లో పక్కన కట్టిన భవనంలోకి మార్చినప్పుడు అతను అందులోకి పోకుండా వెనక సందులో ఒక మెట్ల కిందికి చేరాడు. 2019లో ఆ బజారుకి విశాలమైన నడకదారులు వేశారు, రాళ్ళు పరిచారు. అతని మెట్లు మాత్రం అవే మెట్లు.

పాంట్లు తిరగేసి చూశాడు. ఆదికోసం నేను పట్టుకెళ్ళిన పైజామాను పక్కన పెట్టాడు. “ఆదితో అయ్యే పని కాదమ్మా ఇది. సారును పిలుచుకుని రండి” అన్నాడు. రావడానికి మొహమాటపడుతున్నారని చెప్పాను. “అయితే ఇంకా రావాల” అన్నాడు. 

రెండు రోజులకి ఆటోలో తీసుకెళ్ళాను. ఆ మనిషి కొలిచిన తీరు చెప్పాలి. టేపు వెంటనే తియ్యలేదు. పాంటు తొడుక్కునే నిలబడమన్నాడు, రోజూ వేసుకునే చెప్పులతోనే. కిందికి చూడొద్దన్నాడు. చూస్తే ఒళ్ళు వంగి పొడవు మారిపోతుందట. తర్వాత స్టూలు మీద కూర్చోమన్నాడు. “నిలబడితే అందరి పాంటూ బాగానే ఉంటుంది సార్, కూర్చుంటేనే దాని గుణం తెలిసేది.” ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: “కుట్లు ఎక్కడిదాకా ఉండాయి సార్?”

నేను చెప్పలేదు ఆపరేషను సంగతి. మావారు ఒక్క క్షణం ఆగి, బొడ్డు మీంచి కిందిదాకా వేలితో గీత గీసి చూపించారు. ఇంటికొచ్చిన చుట్టాలకి చూపించని గీత అది.

“అయితే ముందరవైపు నేను ముట్టుకోను” అన్నాడు దర్జీ.

అతను చెప్పింది నాకర్థమైనంతలో ఇదీ. నడుము తగ్గించాలంటే మామూలుగా వెనక నడిమి కుట్టు విప్పి, నడుము పట్టీ నుంచి సీటు దాకా రెండు పక్కలా గుడ్డ లోపలికి పట్టుకుంటారు. నడుము ఒక్కటే పట్టుకుని సీటు వదిలేస్తే వెనక సంచిలా వేలాడుతుంది. కాబట్టి కుట్టు కాళ్ళు కలిసేచోటి దాకా సన్నగా జారుకుంటూ పోవాలి. అయితే ఇలా రెండంగుళాలే తగ్గించగలం. నాలుగూ అక్కడే తగ్గిస్తే వెనక జేబులు రెండూ దగ్గరకొచ్చి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. “వియ్యంకుల మాదిరి దూరందూరంగా ఉంటేనే మర్యాద” అన్నాడు. మావారు చాలా నెలలకి పైకి నవ్వారు. మిగతా రెండంగుళాలు పక్క కుట్లలో, ముందు జేబు అంచు చెడకుండా వెనక ముక్కలోంచి పట్టాలి. నడుము పట్టీ విప్పి మళ్ళీ ఎక్కించాలి. ఎక్కువ పని అదే. బొజ్జ ఉన్న రోజుల్లో పాంటు బొజ్జ కిందికి జారి నిలిచేది, ఇప్పుడు అసలు నడుము మీదికి ఎక్కుతుంది కాబట్టి కాళ్ళు అంగుళం పొట్టవుతాయి. అందుకని అడుగు మడత కాస్త విప్పాలి. ఇది నాకు తట్టనే తట్టదు. సన్నబడిన మనిషికి పాంటు పొడుగు పెంచాలని ఎవరనుకుంటారు?

కొలతలన్నీ రాసుకుని అప్పుడడిగాడు: “సారు మళ్ళా ఒళ్ళు చేస్తారు కదమ్మా?”

డాక్టరు కొంత తేరుకుంటారన్నారు, ఎంతో చెప్పలేమన్నారు. అదే చెప్పాను.

“అయితే కత్తెర పెట్టేదానికి తొందరేముంది” అన్నాడు. పట్టుకున్న గుడ్డ కోసెయ్యకుండా లోపలే ఉంచి, రెండు వైపులకీ విడదీసి ఇస్త్రీతో అణిచేస్తానన్నాడు. కుట్టు కూడా మిషను మీద కాస్త పెద్దది పెట్టి వేస్తే విప్పేటప్పుడు గుడ్డకి దెబ్బ తగలదు. కూర్చుంటే వెనక కొంచెం మందంగా తగులుతుంది, నాలుగు రోజుల్లో అలవాటైపోతుంది. జీన్సును మాత్రం మడిచి నా సంచిలోనే పెట్టేశాడు. జీన్సు నడుము పట్టీ ఒకే ముక్క. నడుమ కోస్తేగాని తగ్గదు. లోపల కుట్లు ఒకదానిలోకి ఒకటి మడిచి రెండు వరసలు వేసి ఉంటాయి, అంత మందాన్ని కోయకుండా లోపల ఉంచితే మనిషి కూర్చోలేడు. “కోసింది అతకదు సార్. దీన్ని మూడు నెలలు బీరువాలో పెట్టండి.”

ఇంకొకటి. కాటను పాంట్లలో ఒకటి కొత్తది, ఉతకనిది. దాన్ని రెండుసార్లు ఉతికి ఆరేసి తెమ్మన్నాడు. కాటను మొదటి ఉతుకుల్లో కుదించుకుపోతుంది కదా, కుదించుకున్నాకే కొలవాలి.

పాంటుకి నూటయాభై చొప్పున తీసుకున్నాడు. పక్క సందులో ఇంకొకరు ఎనభైకే చేస్తారని మా పనమ్మాయి అంది. చేస్తారు. అంచు తెగ్గోసి ఓవర్‌లాకు కొట్టి సాయంత్రానికి చేతిలో పెడతారు కూడా. తొందరగా కావలసినవాళ్ళకి అదీ అవసరమే, నేను కాదనను.

పాంట్లు వచ్చిన మర్నాడు మావారు నన్ను లేపకుండానే పార్కుకి వెళ్ళిపోయారు. పాలవాడు వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. వచ్చేటప్పుడు లజ్ దగ్గర కొత్తిమీర కట్ట, కొబ్బరికాయ కొనుక్కొచ్చారు, రెండు చేతుల్లో రెండూ.

ఐదు నెలలయ్యాయి. ఇప్పుడు అరవై తొమ్మిది కిలోలు. కిందటి వారం బూడిదరంగు పాంటు బిగుతుగా ఉందని తనే సంచిలో పెట్టుకుని, నన్నూ రమ్మన్నారు. దర్జీ లోపలివైపు తిప్పి చూసి, పక్క కుట్లు రెండూ ఊడదీసి, అంగుళం వదిలేశాడు. గట్టిగా పావుగంట పని. పాత కుట్టు ఉన్నచోట సన్నగా చుక్కల గీత మిగిలింది. రెండు ఉతుకులకు పోతుందన్నాడు, పోకపోయినా పైన చొక్కా ఉండనే ఉంది.

తర్వాత మావారు సంచి అడుగునుంచి జీన్సు తీశారు. తెచ్చినట్టు నాకు తెలియదు. దర్జీ టేపు పెట్టి చూసి, “ఇంకో రెండు నెలలు చూస్తామా సార్?” అన్నాడు.

“వద్దయ్యా. డాక్టరు ఈ బరువు దగ్గరే ఉండమన్నాడు. కొయ్యి” అన్నారు.

దర్జీ నా వైపు చూశాడు. నేను తలూపాను. వెనక నడిమి లూపు ఊడదీసి, పట్టీ మీద సుద్దతో రెండు గీతలు గీశాడు. అతుకు మీద ఆ లూపునే మళ్ళీ కూర్చోబెడితే బయటికి కనపడదట. జీన్సుకి పదహారో నంబరు సూది కావాలి, పైన వేసే నారింజరంగు దారం మందంగా ఉండాలి, ఆ రంగు తన దగ్గర అయిపోయిందట. శుక్రవారం రమ్మన్నాడు.