రిజిస్టరులో పేరుండాలి

పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషను నిక్లాస్ విర్త్ 1970లో వెలువరించారు. దానికి ఫ్రాన్సు గణితవేత్త బ్లెయిజ్ పాస్కల్ పేరు పెట్టారు. ఆ పాస్కల్ కూడా మనలాంటివారే! తండ్రికి రువాన్‌లో పన్నుల అధికారిగా ఉద్యోగం రావడంతో 1640లో కుటుంబం పారిస్ వదిలి అక్కడికి వెళ్లింది. నాన్నగారి లెక్కల భారం తగ్గించాలనే ఆయన కూడికలు, తీసివేతలు చేసే యంత్రం తయారుచేశారు.

ఇది తెలిశాక ఆ భాష మీద నాకు ఇష్టం పెరిగింది. సెలవుల్లో మా ఇంటి పుస్తకాల జాబితా కోసం చిన్న ప్రోగ్రాము రాశాను. బదిలీ వచ్చినప్పుడల్లా ఏ పుస్తకం ఏ పెట్టెలో ఉందో తెలియాలి కదా! జాబితాను జేసన్ ఫైలులో దాస్తాను. జేసన్ అంటే మామూలు అక్షరాలే. నవల, నిఘంటువు అని నేను పెట్టుకున్న క్లాసుల పేర్లు అందులో వట్టి మాటలుగానే ఉంటాయి.

ఫైలు రాయడం తేలిక. వస్తువు ఎదురుగా ఉంటుంది, తన క్లాసు పేరు తానే చెబుతుంది. తిరిగి చదివేటప్పుడే చిక్కు. అప్పుడు చేతిలో పేరొక్కటే ఉంటుంది. అది ఏ క్లాసుదో ప్రోగ్రాముకు ముందే తెలిసుండాలి. అందుకే 'రిజిస్టర్‌క్లాస్' ఉంది. దాన్ని యూనిట్‌లోని ఇనిషియలైజేషన్ భాగంలో రాస్తే, అసలు పని మొదలయ్యేలోపే పేరు నమోదవుతుంది. నమోదు కాని పేరు కోసం వెతికితే 'ఫైండ్‌క్లాస్' దొరకలేదని గట్టిగా చెబుతుంది. 'గెట్‌క్లాస్' మాత్రం 'నిల్' ఇచ్చి ఊరుకుంటుంది.

మన టీసీ కూడా అలాంటి ఫైలే. ఎనిమిదో తరగతిలో నేను చేరిన బడికి నా కాగితాల్లో 'తెలుగు' అనే మాట వెళ్లింది. అక్కడ తెలుగు చెప్పేవారు లేరు. ఎవరూ కోప్పడలేదు, కాదనలేదు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది, అంతే. అదే నిల్. ఆ రెండేళ్లూ అమ్మ చెబుతుంటే సరుకుల చీటీలు రాస్తూ నా అక్షరాలు నిలబెట్టుకున్నాను.

పేరు మోసుకొచ్చేది వచ్చినవాళ్లు, గుర్తుపట్టాల్సింది చేర్చుకునేవాళ్లు. అందుకే ఇప్పుడు మా తరగతిలో ఎవరైనా కొత్తగా చేరితే, ఏ ఊరని అడిగి ఊరుకోను. ఏ భాష చదివావు, ఏ ఆట ఆడతావు అని కూడా అడుగుతాను. మన పత్రికలోని ఈ తెలుగు పేజీలు కూడా ఒక నమోదే. వచ్చే ఏడాది ఎక్కడినుంచో వచ్చే తెలుగు తమ్ముడికో చెల్లికో ఇక్కడ నిల్ ఎదురుకాకూడదు.