పోర్ట్ బ్లెయిర్‌కి ఒక రోజు

అండమాన్ వెళ్ళే మనవాళ్ళలో చాలామంది పోర్ట్ బ్లెయిర్‌ని బస్టాండులా వాడుకుంటారు. విమానం దిగుతారు, సెల్యులార్ జైలు చుట్టి వస్తారు, తెల్లారగానే స్వరాజ్ ద్వీప్ పడవెక్కేస్తారు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురంగా పేరు మారిన ఈ ఊరంటే నాకు చాలా ఇష్టం. దీనికంటూ ఒక పూర్తి రోజు ఇవ్వాలన్నది నా మాట.

మా పిన్ని వాళ్ళిల్లు డైరీ ఫార్మ్‌లో. ఆ చుట్టుపక్కల తెలుగు, బెంగాలీ, తమిళం, మలయాళం అన్నీ వినిపిస్తాయి. గడప దాటితే అందరిదీ హిందీయే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు పదమూడు శాతం మందికి తెలుగే మాతృభాష. ఇక్కడ గడియారం మనదే గానీ పొద్దు మనకన్నా ముందు నడుస్తుంది. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే సూర్యుడు అస్తమిస్తాడు. అందుకే పిన్ని, "చీకటితోనే బయల్దేరు నాన్నా, మధ్యాహ్నానికల్లా సగం ఊరు చూసెయ్యొచ్చు" అంటుంది.

మొదట జంగ్లీఘాట్. పడవలు ఒడ్డుకొచ్చే వేళకి అక్కడుంటే శ్రీకాకుళం యాస చెవిన పడుతుంది. "ఏ ఊరు బావూ మీది? వంజరం ఇప్పుడే దిగింది, చూడండి" అని పలకరిస్తారు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి, రెండు రాత్రులకు పైగా సముద్రం మీద గడిపి వచ్చిన కుటుంబాలు ఇక్కడే వేటలో స్థిరపడ్డాయి. వంజరం, సూర, కానగంతలు అని మన పేర్లతోనే బేరమాడుతుంటే, పరాయి ఊళ్ళో ఉన్నామన్న మాటే గుర్తురాదు.

అక్కణ్ణించి చాథమ్. వంతెన దాటితే వచ్చే ఈ చిన్న దీవిలో 1883లో పెట్టిన రంపపు మిల్లు ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబు పడిన గుంత ఇప్పటికీ అక్కడే కనిపిస్తుంది. పక్కనున్న అటవీ మ్యూజియంలో పడౌక్ చెక్కడాల ముందు ఎంతసేపు నిలబడ్డా తనివి తీరదు. ఎర్రగా, బరువుగా ఉండే ఈ పడౌక్ మన శేషాచలం ఎర్రచందనానికి దగ్గరి చుట్టం. రెండూ ఒకే ప్రజాతి చెట్లు. తిరుపతిలో ఎర్రచందనం బొమ్మలు చూసి పెరిగిన కంటికి ఈ నునుపు, ఈ రంగు వెంటనే పరిచయమైపోతాయి.

ఆ తర్వాత మానవశాస్త్ర మ్యూజియం తప్పకుండా చూడాలి. జారవాలు ఛాతీకి కట్టుకునే బెరడు కవచం, ఓంగేల దుంగపడవ, నికోబార్ వాళ్ళ గుండ్రటి ఇంటి నమూనా ముందు తీరిగ్గా నిలబడితే, అవసరానికి తగ్గట్టు వస్తువు చేసుకోవడంలో ఎంత కళ ఉందో తెలుస్తుంది. ఈ ఆదిమ తెగల రక్షణ కోసం 1956లోనే ప్రత్యేక నిబంధన వచ్చింది. వాళ్ళని చూడాలని అడవి దారిన కారు వేసుకుని పోవడం తప్పు. వాళ్ళ గురించి తెలుసుకోవాలంటే ఈ మ్యూజియమే సరైన చోటు.

మధ్యాహ్నం పిన్ని చేతి వంజరం పులుసు. పక్కింటి బెంగాలీ అక్క పంపిన ఆవపిండి చేపల కూర కూడా విస్తట్లో ఉంటుంది. దేశ విభజన తర్వాత, 1949 నుంచి తూర్పు బెంగాల్ కాందిశీకుల్ని ఈ దీవుల్లో స్థిరపరిచారు. వాళ్ళతో పాటు ఆ ఆవఘాటూ వచ్చింది. పనసపొట్టుకి ఆవ పెట్టే మన నాలుకకి అది కొత్తగా అనిపించదు. పిన్ని కూడా ఇప్పుడు పులుసు దించే ముందు కొబ్బరిపాలు పోస్తోంది. కొబ్బరి ఈ దీవుల పంట మరి.

ఆ కొబ్బరే ఒకప్పుడు ఇక్కడ శిక్ష. 1896లో మొదలై 1906లో పూర్తయిన సెల్యులార్ జైల్లో ఖైదీల్ని ఎద్దుల్లా గానుగకు కట్టి కొబ్బరినూనె తీయించారు. ఏడు వరసల భవనంలో ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక వరస ముఖం ఇంకో వరస వీపు వైపు ఉంటుంది, ఖైదీకి ఖైదీ కనబడకూడదని అలా కట్టారు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఇక్కడే శిక్ష అనుభవించి, బయటికొచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆ గదుల ముందు నడుస్తున్నప్పుడు ఆయన పేరు మన పిల్లలకి తప్పకుండా చెప్పాలి.

ఖైదీలుగా తెచ్చినవాళ్ళు, ఇల్లు పోగొట్టుకుని వచ్చినవాళ్ళు, పొట్ట చేతబట్టుకుని ఓడెక్కినవాళ్ళు కలిసి పెంచిన ఊరిది. ఒకరి వంట ఒకరింటికి వెళ్ళడం ఇక్కడ మామూలు విషయం. కులం, భాష పేరుతో వీధుల్ని విడగొట్టుకునే మన ఊళ్ళు దీన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

కాబట్టి అండమాన్‌కి టికెట్లు కొనేటప్పుడు పోర్ట్ బ్లెయిర్‌కి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. గవ్వలు, పగడాలు ఏరుకుని తేకండి, పగడాలు తీసుకెళ్ళడం చట్టరీత్యా నేరం. చిన్న పడౌక్ బొమ్మ ఒకటి కొనండి, జంగ్లీఘాట్‌లో తెలుగులో పలకరించండి. మీ ఊరేదో అడక్కుండా వాళ్ళు మిమ్మల్ని వదలరు.