మూడు ఊళ్ల దోస్తులు.. కృష్ణమ్మ దీవులు

డిసెంబరు మొదటి వారం, 2024. మా ఆఫీసు గ్రూపులో ఒక ఫొటో పడింది. అమెరికాలో ఉండే మా మేనేజర్, ఆయన భార్య, ఓ తెల్లటి పడవ, వెనకాల ఆకుపచ్చా నీలమూ కలిసిన సముద్రం. బహమాస్‌లో పడవ అద్దెకు తీసుకుని వారం రోజులు దీవి నుంచి దీవికి తిరుగుతున్నారట. ఆ వైపు జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. అది దాటగానే మంచు కురిసే ఊళ్లలోని జనం వెచ్చటి దీవులకు వరస కడతారు. ఏప్రిల్ దాకా అక్కడ పడవలకు యమ గిరాకీ.

ఆ ఫొటో తెచ్చి మా ముగ్గురి గ్రూపులో పెట్టాను. మేం ముగ్గురం ఇంజినీరింగ్‌లో ఒకే రూమ్. ఒకడిది సూర్యాపేట, ఒకడిది కోదాడ, నాది మిర్యాలగూడ.

"ఎన్ని లక్షలైతదిరా?" అని అడిగాడు సూర్యాపేటోడు.

"లక్షలెందుకు? మా దిక్కు రండి. పులిచింతల నీళ్లల్ల గుట్టలన్నీ దీవులే. పెట్రోలు కొట్టిస్తే పడవ మనదే" అన్నాడు కోదాడోడు.

అట్లా మొదలైంది. శనివారం పులిచింతల, రాత్రికి మిర్యాలగూడలో మా ఇల్లు, ఆదివారం నాగార్జునకొండ. రెండు రోజులు, రెండు జలాశయాలు, ఒక కారు.

పొగమంచులో హైవే

హైదరాబాద్-విజయవాడ హైవే మీద పోయేవాళ్లకు సూర్యాపేట అంటే టీ, కోదాడ అంటే బార్డర్. మిర్యాలగూడ అంటే రైసు మిల్లులు. సెలవులకు పోయే ఊళ్ల లిస్టులో ఈ మూడింటినీ ఎవరూ రాయరు. ఇక్కడ పుట్టిన మేమే రాయలేదు. కానీ మ్యాప్ తెరిచి చూడండి. మూడు ఊళ్లకీ కిందివైపు కృష్ణ పోతుంటుంది. సాగర్ డ్యామ్ ఒకచోట, పులిచింతల డ్యామ్ ఒకచోట నదిని ఆపితే, లోయలు నిండి గుట్టల తలలు మాత్రం పైకి మిగిలాయి. మన దీవులు అవే.

పొద్దున ఆరింటికి సూర్యాపేటలో టీ తాగి బయల్దేరితే కోదాడ దాకా పొగమంచు వదల్లేదు. అక్కడ మూడోవాణ్ని ఎక్కించుకుని మేళ్లచెరువు వైపు తిరిగాం. సిమెంటు లారీల దుమ్ము, తర్వాత మిరప చేలు, పత్తి చేలు. చింతలపాలెం మండలం దాటాక రోడ్డు సన్నబడి నేరుగా నీళ్లలోకి దిగినట్టు ఆగిపోయింది. అది నిజంగానే నీళ్లలోకి దిగిన రోడ్డని తర్వాత తెలిసింది.

మూడు తలలు, రెండు జాకెట్లు

పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్. రావు సాగర్ అని పేరు. 2013 డిసెంబరులో ప్రారంభించారు. 45.77 టీఎంసీల నీళ్లు పడతాయి. కింద కృష్ణా డెల్టా పంటలకు అవసరమైనప్పుడు వదలడానికి ఇక్కడ ఆపి ఉంచుతారు. ఒడ్డున నిలబడితే ఆ అంకెలేవీ గుర్తురావు. కదలని నీళ్లు, మధ్యలో పొదలు మొలిచిన గుట్టలు, ఎండిన కొమ్మల మీద రెక్కలారబెట్టుకుంటున్న నీటికాకులు.. అంతే.

కోదాడోడు మాట్లాడిపెట్టిన పడవ చిన్నది. చేపలు పట్టేది. వెనక చిన్న ఇంజన్. నడిపే ఆయనకు యాభై దాటి ఉంటాయి.

"లైఫ్ జాకెట్లు ఉన్నయా పెద్దాయనా?" అని అడిగాను.

"రెండున్నయ్ సార్."

మేం ముగ్గురం. నాకు ఈత రాదు. సాగర్ కాలువ పక్కన పెరిగి ఈత రాదంటే నవ్వుతారు గానీ, కాలువ దగ్గరికి పోతే తంతానని మా అమ్మ చిన్నప్పుడే ఖరాఖండిగా చెప్పింది. ఒక జాకెట్ నేను వేసుకున్నాను. కోదాడోడు ఒకటి. "నాకు ఈతొస్తది, నాకొద్దు" అని సూర్యాపేటోడు ఫోన్ తీసి ముందు కూర్చున్నాడు. అక్కడే దిగిపోవాల్సింది. సిగ్గుపడి దిగలేదు.

మొదటి అరగంట నిజంగా బహమాసే. ఎండ ఇంకా ఎక్కలేదు. ఇంజన్ ఆపితే నీళ్ల చప్పుడు కూడా లేదు. ఒక గుట్ట దగ్గర దిగి, అమ్మ కట్టిచ్చిన పులిహోర తిన్నాం. "పదకొండు దాటితే గాలి లేస్తది సార్, పోదాం" అని పెద్దాయన రెండుసార్లు చెప్పాడు. "ఇంకొక్క రీల్" అని మావాడు రెండుసార్లు ఆపాడు.

తిరిగి వచ్చేటప్పుడు గాలి లేచింది. అలలు పెద్దవేం కాదు, మోకాలెత్తు ఉంటాయేమో. కానీ పడవ అంచు కూడా నీళ్లకు అంతే ఎత్తులో ఉంది. సరిగ్గా అప్పుడే మావాడు సెల్ఫీ కోసం లేచి నిలబడ్డాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. ఫోను చేతిలోంచి జారింది. దాన్ని పట్టుకోబోయి వాడూ ఒరిగాడు. బుడుంగుమని నీళ్లు లోపలికొచ్చాయి.

"కూసో!"

అప్పటిదాకా సార్ సార్ అన్న మనిషి ఒక్క అరుపు అరిచాడు. ముగ్గురం కూలబడ్డాం. ఆయన ఇంజన్ ఆపి, పడవ మూతిని గాలికి ఎదురు తిప్పి, కోసిన నూనె డబ్బాతో నీళ్లు తోడి పోశాడు. నా చేతులు పడవ అంచుని వదలడానికి చాలాసేపు పట్టింది. సూర్యాపేటోడు ఒక్క మాట మాట్లాడలేదు. వాడికి వచ్చిన ఈత ఊరి బావిలో ఈత.

కాస్త కుదుటపడ్డాక పెద్దాయన నవ్వాడు. "మా ఊళ్లె పడ్డది సార్ మీ ఫోను. ఇగ దొరకదు."

మాకు అర్థం కాలేదు. ఆయన చేత్తో చూపించాడు. "గా ఎండిన చెట్టు కొమ్మ ఉన్నదా, దానికి ఇవతల బొడ్రాయి. ఇటు మా వాడ. మీ ఫోను పడ్డకాడ పెద్దోళ్ల పొలం."

పులిచింతల కింద మునిగిన ఊళ్లలో ఆయనది ఒకటి. పరిహారం ఇచ్చారు, వేరే చోట కాలనీ కట్టారు. భూమి లేదు కాబట్టి చేపలు నేర్చుకున్నాడు. "ఎండకాలం నీళ్లు తగ్గితే గోడలు తేల్తయ్. పోయి చూసొస్తం" అన్నాడు.

"మరి బొడ్రాయి?" అని అడిగాను. ఊరు పుట్టినప్పుడు పాతే రాయి కదా, దాన్ని కదపకూడదంటారు.

"అది ఆడ్నే ఉన్నది. కాలనీల కొత్తది పెట్టుకున్నం."

ఒడ్డున డబ్బులు ఎక్కువిస్తే మాట్లాడుకున్నంతే తీసుకున్నాడు. "ఈసారొస్తే పొద్దుగాల రండి. నిలబడొద్దు" అని ఒక్కటే చెప్పాడు.

నాన్న లెక్క

హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ చేరేసరికి చీకటి పడింది. మిల్లుల దగ్గర ఉడకబెట్టిన వడ్ల వాసన. మా ఊరు వచ్చిందని నాకు ముక్కే చెబుతుంది.

భోజనాల దగ్గర పడవ ఒరిగిన సంగతి దాచాం. ఫోను ఎట్లా పోయిందంటే "జారింది" అన్నాం. నాన్న దాని గురించి అడగలేదు. రేపు సాగర్ పోతున్నామనగానే తలెత్తాడు. "నీళ్లు ఏడిదాకా ఉన్నయో చూసి రా."

మాది ఎడమ కాలువ కింద నాలుగెకరాలు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. మా తాత ఆ సంగతి చెప్పీ చెప్పీ పోయాడు. మా పొలం, నా ఫీజులు, ఈ మిల్లులు.. అన్నీ ఆ నీళ్లే. 2023లో కృష్ణకు వరద రాలేదు. ఆ యాసంగికి మా కాలువ కింద నాట్లు పడలేదు. 2024 ఆగస్టులో డ్యామ్ నిండి గేట్లెత్తారు. సంతోషపడే లోపే సెప్టెంబరు మొదట్లో వాన కుమ్మేసి నడిగూడెం దగ్గర అదే కాలువకు గండి పడింది. కోదాడ వీధుల్లోకి నీళ్లొచ్చాయి. "లేకుంటే ఒక ఏడుపు, ఎక్కువైతే ఒక ఏడుపు" అంటాడు నాన్న.

కొండెక్కిన బుద్ధుడు

మర్నాడు హాలియా మీదుగా సాగర్. డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది వేశారు. 26 గేట్లు. అవతలి ఒడ్డు విజయపురి సౌత్‌లో టికెట్ తీసుకుని పెద్ద లాంచీ ఎక్కాం. ఎక్కగానే ముగ్గురం అడగకుండానే జాకెట్లు వేసుకుని బకిల్స్ పెట్టేసుకున్నాం. పక్కనున్న పిల్లలు మమ్మల్ని చూసి నవ్వారు. నవ్వనీ.

గంట సేపు నీళ్లే. తర్వాత ఎదురుగా నాగార్జునకొండ. ఇది పుట్టుకతో దీవి కాదు. దీని చుట్టూ ఉన్న లోయలో మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఈ శిథిలాలను గుర్తించారు. డ్యామ్ కడితే లోయంతా మునుగుతుందని తేలాక, 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ ఇక్కడ పెద్ద ఎత్తున తవ్వింది. తవ్వగా బయటపడ్డ వాటిలో తొమ్మిది కట్టడాలను ఊడదీసి కొండ మీద మళ్లీ కట్టారు. ఇంకొన్నింటిని ఒడ్డున అనుపులో నిలబెట్టారు. శిల్పాల కోసం కొండ మీద మ్యూజియం పెట్టారు. దీవిగా చూస్తే దీని వయసు మా నాన్న వయసంత.

మ్యూజియంలో చల్లగా ఉంది. పాలరాయిలా కనిపించే సున్నపురాతి పలకల మీద బుద్ధుడి కథలు. నాకు బాగా పట్టుకున్నది మాత్రం బోధిశ్రీ అనే ఉపాసిక సంగతి. వీరపురుషదత్తుడి కాలంలో ఆమె ఇక్కడ చైత్యగృహం కట్టించి, దాన్ని తామ్రపర్ణి.. అంటే సింహళ దీవి.. భిక్షువులకు అంకితమిచ్చిందట. శాసనం ఉంది. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే ఒక దీవి నుంచి జనం సముద్రం దాటి, నది పట్టుకుని ఈ లోయకు వచ్చిపోయేవాళ్లు. ఇప్పుడా లోయే దీవి.

బయట మెట్ల మీద కూర్చున్నాం. సూర్యాపేటోడు చాలాసేపటికి మాట్లాడాడు. "రాజుల ఊరైతే ఇటుక ఇటుక ఊడదీసి పైకి తెచ్చిన్రు. నిన్నటి పెద్దాయన బొడ్రాయిని ఎవలూ తేలేదు గదరా."

తేలేదు. సాగర్ కోసం ఈ లోయలోంచి లేచిపోయిన ఊళ్లవీ ఎవరూ తేలేదు. వాళ్లు లేచిపోతేనే మా పొలం తడిసింది. ఆ మాట పైకి అనడానికి నాకు నోరు రాలేదు. లాంచీ కూత వేసింది.

ఫొటోలో నాన్న చూసింది

రాత్రి నాన్నకు ఫోన్లో ఫొటోలు చూపించాను. ముగ్గురం లాంచీ మీద నవ్వుతున్న ఫొటో దగ్గర ఆగి, రెండు వేళ్లతో పెద్దది చేశాడు. మా ముఖాలు పక్కకు పోయాయి. వెనకున్న గుట్ట వచ్చింది. నీళ్లు దిగిన మేర రాయి మీద తెల్లటి పట్టీ మిగులుతుంది. దాని వెడల్పు చూసుకున్నాడు.

"పర్లేదు. ఈసారి నారు పోసుకోవచ్చు" అన్నాడు.

మీరు పోదామనుకుంటే

* నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. నీటిమట్టం, గాలిని బట్టి లాంచీలు ఆపేస్తుంటారు కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.
* రోజంతా నీళ్ల మీదే గడపాలనుకుంటే, తెలంగాణ టూరిజం 2024 నవంబరులో మొదలుపెట్టిన సాగర్-శ్రీశైలం లాంచీ ఉంది. నల్లమల మధ్య నుంచి దాదాపు ఆరేడు గంటల ప్రయాణం. అది కూడా నీళ్లు నిండుగా ఉన్నప్పుడే.
* దారిలో చూడదగ్గవి: అనుపు, ఎత్తిపోతల జలపాతం, ఎడమ గట్టున బుద్ధవనం. మిర్యాలగూడ వైపు మూసీ, కృష్ణ కలిసే వాడపల్లి. సూర్యాపేట జిల్లాలోనే ఇంకో బౌద్ధ క్షేత్రం ఫణిగిరి.
* చిన్న పడవ ఎక్కే ముందు తలలు లెక్కపెట్టండి, జాకెట్లు లెక్కపెట్టండి. 2017లో కృష్ణలో ఇబ్రహీంపట్నం దగ్గర, 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర ఏమైందో గుర్తుంది కదా. ఒక్క జాకెట్ తక్కువైనా ఒడ్డునే కూర్చుని పులిహోర తినండి. సిగ్గుపడొద్దు.