రంగు కంటే ముందు



మా మల్కాపురంలో సముద్రపు ఉప్పుగాలికి ఏ లోహమూ ఎక్కువ కాలం కొత్తగా ఉండదు. నాన్నగారి పాత బండి చక్రాలు అల్లాయ్‌వి. అల్యూమినియం కాబట్టి ఎర్ర తుప్పు పట్టలేదు గానీ, రంగు కింద తెల్లటి పొడి లేచి పెచ్చులూడాయి. ఈ వేసవిలో ఒక షాపులో ఇచ్చి నల్లటి పౌడర్ కోటింగ్ చేయించాను. ఒక్క రోజులో ఇచ్చేశారు. కొత్త బండిలా మెరిసింది. వానాకాలం పూర్తి కాకుండానే రిమ్ము అంచున బుడగలు వచ్చాయి. గోటితో గీకితే పొర లేచిపోయింది.

నాన్నగారు షిప్‌యార్డులో పనిచేసి రిటైరయ్యారు. చూసి ఒకటే మాట అన్నారు. "తప్పు రంగుది కాదమ్మా. కింద శుభ్రం చేయలేదు. ఓడ రేకుకైనా బ్లాస్టింగ్ అయ్యాకే ప్రైమరు."

దసరా సెలవుల్లో ఇద్దరం గాజువాక ఆటోనగర్‌లో మరో షెడ్డుకు వెళ్లాం. "రంగు కొట్టడం అరగంట పనమ్మా. దాని ముందు పనికే రెండు రోజులు" అన్నారు మేస్త్రీ. పక్కన కూర్చుని చూశాను.

ముందు టైరు, వాల్వు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, బ్రేక్ డిస్కు అన్నీ విప్పేశారు. ఓవెన్‌లో దాదాపు 200 డిగ్రీల వేడికి రబ్బరూ గ్రీజూ ఆగవు. తర్వాత జిడ్డు కడిగారు. కడగకుండా బ్లాస్టింగ్ చేస్తే జిడ్డు లోహంలోకి ఇంకా కూరుకుపోతుందట. పాత రంగు వదలగొట్టాక, సన్నటి రేణువులను గాలి ఒత్తిడితో కొట్టి లోహాన్ని గరుకు చేశారు. నున్నగా ఉంటే పూతకు పట్టు దొరకదు. అక్కడి నుంచి చక్రాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోనివ్వలేదు. వేలి జిడ్డు చాలు, పొర నిలవదట. బేరింగు కూర్చునే చోటు, డిస్కు బిగించే చోటు, మరలు వేడికి ఆగే టేపుతో, సిలికాన్ బిరడాలతో మూశారు. అక్కడ పూత పడితే బేరింగు సరిగ్గా కూర్చోదు.

తర్వాత రంగు వేయకుండానే చక్రాన్ని ఓవెన్‌లో పెట్టారు. ఎందుకని అడిగాను. "పోత పోసిన లోహంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వాటిలో గాలి, నూనె దాగి ఉంటాయి. ఇప్పుడే బయటికి పంపకపోతే, పొడి కరిగేటప్పుడు వచ్చి బుడగలు చేస్తాయి" అన్నారు.

అప్పుడు నాకు ఏడో తరగతిలో ఒక బాబు గుర్తొచ్చాడు. యూనిట్ టెస్టులో ఇంగ్లీషులో 25కి 23 తెచ్చుకున్నాడు. పేరెంట్స్ మీటింగులో వాళ్ల అమ్మగారి ముందు మెచ్చుకున్నాను. వారం తర్వాత క్లాసులో పాఠ్యపుస్తకంలో లేని ఒక పేరా ఇచ్చి చదవమన్నాను. మూడు లైన్లు దాటలేకపోయాడు. పరీక్షలో రాసినవన్నీ నేను నోట్సులో చెప్పించి కంఠతా పట్టించిన జవాబులే. ఆ మెరుగు పూసింది నేనే.

సెలవుల తర్వాత అమ్మగారిని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. "రెండు నెలలు నాలుగో తరగతి స్థాయి పుస్తకాలు చదివిస్తాను. ఈలోపు మార్కులు తగ్గుతాయి" అన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "టర్మ్ ఫీజు కట్టేటప్పుడు మా ఆయనకు ఏం చెప్పమంటారు మేడమ్?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. మా చక్రాల సంగతి చెప్పాను. విని, "సరే, ఇంట్లో నేనేం చేయాలో చెప్పండి" అన్నారు.

రోజూ రాత్రి పది నిమిషాలు బాబు పైకి చదువుతాడు, అమ్మగారు వింటారు. ఆగిన మాట కింద పెన్సిలుతో గీత పెడతారు, అంతే. మర్నాడు ఆ మాటలు నేను చూసుకుంటాను. మొన్నటి యూనిట్ టెస్టులో వాడికి 14 వచ్చాయి. నోట్సు లేకుండా సొంతంగా రాసిన 14. వాళ్ల నాన్నగారు ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. చక్రాల మాట కూడా వచ్చే వానాకాలం దాటితేనే తెలుస్తుంది.

తదుపరి మీటింగుకు వచ్చినప్పుడు ప్రోగ్రెస్ కార్డు చూసి వెళ్లిపోకండి. పాఠ్యపుస్తకంలో లేని ఒక పేజీ ఇచ్చి, మీ పాపనో బాబునో మీ ముందే చదివించమని మమ్మల్ని అడగండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడి నుంచి కలిసి మొదలుపెడదాం.