చిట్టెలుక ఎక్కి... ఖైబర్ దాకా!

చేతిలో ఉన్నది నాలుగు నెలల ఖర్చులకు సరిపడే డబ్బు. తిరగాలనుకున్నది రెండేళ్లు. ఎక్కాల్సిన బండేమో ఇద్దరు కూర్చుంటే నిండిపోయే బుల్లి కారు. ఇంట్లో ఈ మాట చెబితే ‘మతి పోయిందా’ అంటారు ఎవరైనా. అయినా 1953లో ఇద్దరు స్విస్ కుర్రాళ్లు ఆ సాహసమే చేశారు. ఒకరు నికోలా బూవియే. రాతగాడు, వయసు 24. ఇంకొకరు అతని స్నేహితుడు తియెరీ వెర్నే. బొమ్మలు వేస్తాడు, రెండేళ్లు పెద్ద.

కారు పేరు ఫియట్ టోపొలీనో. ఇటాలియన్‌లో ఆ మాటకు చిట్టెలుక అని అర్థం. మిక్కీమౌస్‌నీ వాళ్లు అలాగే పిలుస్తారు. ఫియట్ అనగానే మనవాళ్లకు గుర్తొచ్చే పద్మిని కన్నా ఇది ఇంకా చిన్నది. ఇంజిన్ 569 సీసీ. ఇప్పటి బుల్లెట్ మోటార్‌సైకిల్‌కి దీనికన్నా శక్తి ఎక్కువ!

జూన్‌లో జెనీవా నుంచి కారేసుకొచ్చిన బూవియే బెల్‌గ్రేడ్‌లో వెర్నేని కలుసుకున్నాడు. అక్కణ్నుంచి గ్రీసు, టర్కీ, ఇరాన్... ఘాట్ రోడ్డు వచ్చిందంటే దిగి తోయాల్సిందే. ఎడారిలో పగటి ఎండకు తట్టుకోలేక రాత్రిళ్లు నడిపేవారు. మన లారీల వెనక రాతలున్నట్టు, ఇరాన్‌లో వీళ్ల కారు తలుపు మీదా పారశీక మహాకవి హాఫిజ్ కవిత ఒకటి చేరింది. అది చదివి ముచ్చటపడని వాళ్లు లేరు. ఆ నాలుగు పాదాలే పాస్‌పోర్టులా పనిచేశాయి.

మరి డబ్బు? వెర్నే బొమ్మలు అమ్మేవాడు. బూవియే పత్రికలకు వ్యాసాలు రాసేవాడు, ఫ్రెంచి పాఠాలు చెప్పేవాడు. మంచు దారులు మూసేయడంతో ఆ చలికాలమంతా తబ్రీజ్ పట్టణంలోనే ఉండిపోయారు. చూసినవీ విన్నవీ బూవియే అక్కడే కాగితాల మీద పెట్టాడు.

అసలు దెబ్బ పాకిస్థాన్‌లోని క్వెట్టాలో తగిలింది. బస చేసిన గదిని ఊడ్చిన కుర్రాడు ఆ కాగితాలను చెత్త అనుకుని పారేశాడు. ఒక చలికాలం మొత్తం పోయింది! స్నేహితులిద్దరూ ఊరి చెత్తకుప్ప దగ్గరకు పరుగెత్తారు. దుర్వాసనలో, దుమ్ములో చేతులు పెట్టి వెతికారు. దొరికినవి చిత్తు ముక్కలే.

ఏం చేస్తారు మరి! ఆ ఊళ్లోనే ఒక బార్‌లో పాటలు వాయించి డబ్బు కూడబెట్టుకున్నారు. కారును గ్యారేజీలో బాగుచేయించుకున్నారు. పోయినదాన్ని బూవియే జ్ఞాపకం నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా నడిచే బండి చేసిన మేలు ఇక్కడే తెలుస్తుంది. కిటికీలోంచి రివ్వున దాటిపోయిన ఊరు ఎవరికి గుర్తుంటుంది? ఆగి, తోసి, పొరుగింటివాళ్లతో టీ తాగి, వాళ్ల భాషలో నాలుగు ముక్కలు నేర్చుకున్న ఊరైతే కాగితం పోయినా మనసులోంచి పోదు.

కాబూల్‌లో దారులు వేరయ్యాయి. వెర్నే పెళ్లి చేసుకోవడానికి సిలోన్‌కి బయల్దేరాడు. 1954 డిసెంబరులో బూవియే ఒక్కడే ఖైబర్ కనుమ దాటాడు. అదే బండిలో మన దేశం మీదుగా సిలోన్ చేరాడు.

ఆ ప్రయాణం పుస్తకమవడానికి మరో ఎనిమిదేళ్లకు పైగా పట్టింది. ప్రచురణకర్తలు కాదన్నారు. చివరికి 1963లో సొంత ఖర్చుతో జెనీవాలో అచ్చు వేయించుకున్నాడు. పేరు ‘ల్యూసాజ్ దు మోంద్’. పేజీల మధ్య వెర్నే బొమ్మలున్నాయి. ఇవాళ ఫ్రెంచి యాత్రా సాహిత్యంలో అదొక పెద్ద పేరు.

వెర్నే 1993లో, బూవియే 1998లో కన్నుమూశారు. ఆ పుస్తకం తెరిస్తే మాత్రం తబ్రీజ్‌లో ఇంకా మంచు కురుస్తూనే ఉంటుంది. చెత్తకుప్పలో కలిసిపోయిన చలికాలం అది!