పాత కారు నడిపి చూడు

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ పెద్దల ఇండ్లలో పాత కారు లేదు గనుక సామెత అంతటితో ఆగిపోయినది. ఉండియుంటే "పాత కారు నడిపి చూడు" అని మూడవ మాట తప్పక చేర్చియుండేవారు. కట్టిన ఇల్లు నిలుస్తుంది. చేసిన పెండ్లి తీరుతుంది. పాత కారును మాత్రము ప్రతి ఉదయము క్రొత్తగా ఒప్పించుకొనవలెను. నలభై ఆరు సంవత్సరములుగా ఒక ప్రీమియర్ పద్మినిని పోషిస్తున్న కుటుంబము వారము కనుక, ఈ నాలుగు మాటలు వ్రాయడానికి మాకు కొంత అర్హత ఉన్నదని భావిస్తున్నాము.

మా నాన్నగారు దక్షిణ మధ్య రైల్వేలో లెక్కల విభాగపు అధికారి. ఆ రోజులలో కారు కొనడమంటే డబ్బు ఉన్నంత మాత్రాన చాలదు. పేరు నమోదు చేయించుకొని సంవత్సరముల తరబడి ఎదురుచూడవలెను. 1979లో తన వంతు వచ్చినప్పుడు ఆయన ఒక తెల్లని పద్మినిని తెచ్చి మారేడుపల్లిలోని మా ఇంటి ముందు నిలిపినారు. అన్నదమ్ములమిద్దరము దాని చుట్టూ ఎన్ని ప్రదక్షిణలు చేసినామో లెక్క లేదు.

ఆ బండి వంశవృక్షము చిత్రమైనది. పుట్టింది ఇటలీ దేశపు ఫియట్ వారి నమూనాలో. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయిలోని కుర్లాలో దానిని తయారు చేసినారు. ముందు ఫియట్ 1100 డిలైట్ అన్నారు, తరువాత ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుండి పద్మిని అన్నారు. ఆ పద్మిని చిత్తోర్‌గఢ్ రాణి. మలిక్ ముహమ్మద్ జాయసీ అను సూఫీ కవి 1540 ప్రాంతమున అవధీ భాషలో చెప్పిన కావ్యమునకు నాయిక. ఇటలీ దేహము, బొంబాయి జన్మము, సూఫీ కవి నాయిక పేరు, సికింద్రాబాదు కాపురము! ఇన్ని ఊళ్ళ మర్యాదలు తెలిసిన బండి ఒక్కరి మాట వినకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

అది వినేది ఒక్కరి మాటే. ఆయన రాణిగంజ్ దాటిన తరువాత ఒక సందులో వేపచెట్టు క్రింద పనిచేసే మెకానిక్. పేటలో అందరికీ ఆయన ఉస్తాద్, మాకును అంతే. బండిని తీసుకొనిపోతే ముందుగా బానెట్ ఎత్తేవారు కారు. ఇంజను నడుస్తుండగా తల ప్రక్కకు వంచి, కన్నులు మూసుకొని కొంతసేపు వినేవారు. నాన్నగారు తొందరపడితే, "గాడీ బోల్‌తీ హై సాబ్, సున్నే వాలా హోనా" అనేవారు. బండి మాట్లాడుతుంది, వినేవాడు కావలెనని దాని భావము. ఈ మాటకు అర్థము మాకు ముప్పై సంవత్సరముల తరువాత గాని తెలియలేదు.

పద్మిని వలన కలిగే మొదటి కష్టము ఎండాకాలము. దాని పెట్రోలు పంపు ఇంజనును అంటిపెట్టుకొని ఉంటుంది. మే నెల మధ్యాహ్నపు వేడికి లోపలి పెట్రోలు ఆవిరియై, పంపు గాలిని నమిలి ఊరకుంటుంది. బండి నడిరోడ్డు మీద నిలుస్తుంది. విరుగుడు ఒక తడి తువ్వాలు. దానిని పంపు మీద కప్పి పది నిమిషములు వేచియుంటే బండి శాంతిస్తుంది. ప్యారడైజ్ కూడలిలో, ట్యాంక్‌బండ్ మీద, జనరల్ బజారు మలుపులో, జ్వరము వచ్చిన బిడ్డ నుదుట గుడ్డ వేసినట్లు మా నాన్నగారు బానెట్ మీదికి వంగి నిలబడిన దృశ్యము మా బాల్యమంతా పరచుకొని ఉన్నది. సిగ్గుతో మేము వెనుక సీటులో క్రిందికి జారి కూర్చునేవారము. సిగ్గుపడవలసిన పని కాదని అప్పుడు తెలియదు.

నాన్నగారు ఉద్యోగ ధర్మముగా బండికి ఒక లెక్కల పుస్తకము పెట్టినారు. తేదీ, ఎన్ని కిలోమీటర్లు నడిచింది, ఏ భాగము మార్చినది, ఎంత ఖర్చైనది, అన్నియు ఆకుపచ్చ సిరాతో వ్రాసేవారు. 2004లో ఆయన కాలము చేసిన తరువాత ఆ పుస్తకము బీరువాలోనికి పోయినది. అన్నగారు క్రొత్త కారు కొన్నారు. పద్మిని ఇంటి ప్రక్క రేకుల షెడ్డులో నిలిచినది. దానిని అమ్మడానికి మనసు ఒప్పదు, నడపడానికి తీరిక దొరకదు. నెలకొకసారి తీయడము రెండు నెలలకొకసారియై, చివరకు పండుగకు మాత్రమే అయినది.

2011 వానకాలములో ఒక రాత్రి అమ్మకు ఊపిరి అందలేదు. అన్నగారు తన కారులో పొరుగూరు పోయియున్నారు. పరుగున పోయి పద్మిని తాళము త్రిప్పినాము. సెల్ఫ్ తిరిగినది, ఇంజను అందుకొనలేదు. మరల త్రిప్పినాము. బ్యాటరీ సన్నగిల్లి, ఆ ధ్వని మూలుగుగా మారి ఆగిపోయేవరకు త్రిప్పుతూనే ఉన్నాము. ఎదురింటివారు వానలో తడుస్తూ పోయి ఒక ఆటో పిలుచుకొని వచ్చినారు. దేవుని దయ వలన అమ్మ నాలుగు రోజులకు కోలుకొని ఇంటికి వచ్చినది. కాని ఆ రాత్రి తాళము త్రిప్పిన చేతి వణుకు మాకు చాలా రోజులు పోలేదు.

అన్నగారు వచ్చిన మరునాడే పాత ఇనుప సామాను వానిని పిలిపించినారు. తూకము లెక్కన ధర కుదిరినది. ఆదివారము లారీ తెస్తానన్నాడు. సీట్లు, అద్దములు ఎవరికైనా పనికివస్తాయేమోనని అడగడానికి శనివారము సాయంత్రము ఉస్తాద్ దగ్గరకు పోయినాము. ఆయన జవాబు చెప్పలేదు. పనిముట్ల సంచి పట్టుకొని మా వెంట నడిచి వచ్చినారు.

షెడ్డులో పది నిమిషములకే పెట్రోలు పంపు విప్పి, లోపలి డయాఫ్రమ్ తీసి మా అరచేతిలో పెట్టినారు. అది ఎండిన అప్పడము వలె బీటలు వారియున్నది. టాంకులో అయిదు నెలలు నిలువయున్న పెట్రోలు వార్నిషు వాసన వేస్తున్నది. "బండి మోసము చేసిందని అంటున్నారు గదా బేటా, దీనిని ఆఖరుసారి ఎప్పుడు నడిపినారు?" అని అడిగినారు. మేము తల వంచుకొన్నాము. నడిచేటప్పుడు పెట్రోలులో తడుస్తూ ఉండే తోలు, నిలబడితే ఎండుతుంది. బ్రేకు రబ్బర్లు బిగుసుకుంటాయి. బ్యాటరీ చచ్చిపోతుంది. పాత బండిని నడక పాడు చేయదు, నిలకడ పాడు చేస్తుందని ఆయన వివరించినారు.

మరి బాగు చేయండి అన్నాము. ఆయన తన కుడిచేయి చాచి చూపించినారు. వ్రేళ్ళు వణుకుతున్నవి. "నాకు చూపు కూడా తగ్గింది. నేను చెప్తాను, మీరు చేయండి" అని స్క్రూడ్రైవరు మా చేతికి ఇచ్చినారు. ఆదివారము లారీ వచ్చింది. అన్నగారే బయటకు పోయి, దారి ఖర్చు ఇచ్చి దానిని తిప్పి పంపినారు.

ఆ తరువాత మేము చదివిన చదువు ఏ విశ్వవిద్యాలయములోను చదువలేదు. డిస్ట్రిబ్యూటరు లోపల పాయింట్లు అని రెండు చిన్న మొనలు ఉంటాయి. అవి విడివడినప్పుడెల్లా కాయిల్ నుండి ప్లగ్గుకు నిప్పురవ్వ పోతుంది. వాటి మధ్య ఎడము అర మిల్లీమీటరుకు లోపు; ఫిల్లర్ గేజి రేకు కొంచెము పట్టి జారవలెను. నడిమి కడ్డీ మిట్టభాగము తగిలినప్పుడు కొలవవలసిన దానిని మేము పల్లములో కొలిచి బిగించినాము. బండి దగ్గుతూ వీధి చివర ఆగినది. ప్లగ్గు తీగలను ఒకటి, మూడు, నాలుగు, రెండు అను వరుసలో తగిలించవలసి ఉండగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కల మాస్టరు వలె తగిలించినాము. సైలెన్సరులో తుపాకి ప్రేలినట్లు ధ్వని వచ్చి వీధిలోని కుక్కలన్నియు మొరిగినవి. ఉస్తాద్ స్టూలు మీద కూర్చుండి టీ త్రాగుతూ నవ్వినారే గాని లేచి రాలేదు. తప్పును మాతోనే వెదికించినారు.

అన్ని కష్టములును నవ్వుకొనదగినవి కావు. ఒక అంగడిలో అసలుదని నమ్మి కొన్న బ్రేకు రబ్బర్లు నెల తిరగకుండానే ఉబ్బి విడిపోయినవి. మా వీధి వాలులో పెడల్ నేలకు అంటుకొనిపోయినది. చేతిబ్రేకు లాగి, గోడను రాసుకుంటూ ఆపగలిగినాము. ముందు ఇద్దరు బడిపిల్లలు నడుస్తున్నారు. ఆ నాటి నుండి బ్రేకు విషయములో బేరము మానినాము. పద్మిని తయారీ 2000 దరిదాపుల ఆగినది. బొంబాయి ట్యాక్సీలలో చివరిది 2023 అక్టోబరులో రోడ్డు దిగినది. ఆ ట్యాక్సీలు ఉన్నన్నాళ్ళు సామాను దొరికేది. ఇప్పుడు ఒక చిన్న బుష్ కావలెనన్నా లేతు మిషను దగ్గర నిలబడి చేయించుకొనవలెను. పెట్రోలులో ఇథనాలు పాలు 2025 నాటికి 20 శాతమునకు చేరినది. అది పాత రబ్బరును మెత్తబరుస్తుంది, తేమను పట్టి టాంకును త్రుప్పు పట్టిస్తుంది. అందుచేత గొట్టములన్నియు మార్చవలసి వచ్చినది. 15 ఏండ్లు దాటిన కారు రిజిస్ట్రేషను పునరుద్ధరణకు 600 రూపాయలుగా ఉన్న రుసుము 2022 ఏప్రిల్ నుండి 5,000 అయినది. 2025 ఆగస్టులో 20 ఏండ్లు దాటిన కార్లకు 10,000 చేసినారు. పొగ తక్కువ కావలెనను ప్రభుత్వము ఉద్దేశమును మేము తప్పుపట్టము. మా కార్బొరేటరు సరిగా ఉన్నదో లేదో ఆరు నెలలకొకసారి చూపించుకుంటున్నాము.

ఇన్ని నష్టములకు లాభమేమని అడిగేవారున్నారు. బీరువా నుండి నాన్నగారి లెక్కల పుస్తకము తీసినాము. "1986 మే 11. ప్యారడైజ్ దగ్గర ఆగినది. తడి తువ్వాలు. పిల్లలు విసుగుపడలేదు" అని ఒక చోట ఉన్నది. మేము విసుగుపడినాము; ఆయన చూడలేదనుకున్నాము. చూచి, మా పరువు కాపాడుతూ వ్రాసుకున్నారు. ఏడు సంవత్సరములు ఖాళీగా ఉన్న ఆ పుస్తకములో 2011 నుండి మా చేతివ్రాత మొదలైనది.

ప్రతి ఆదివారము ఉదయము ఆరు గంటలకు బండి తీస్తాము. మారేడుపల్లి నుండి కార్ఖానా, తిరుమలగిరి మీదుగా బొల్లారము దాకా పోయి వస్తాము. ముందు సీటు బెంచీ వలె ఉంటుంది. గేరు స్టీరింగు ప్రక్కనే గనుక ముగ్గురు కూర్చొనవచ్చును. ఎనభై దాటిన అమ్మ కిటికీ వైపు కూర్చుంటుంది. వినడము ఇప్పుడిప్పుడే వస్తున్నది. కవాటముల ధ్వనికి, వదులైన బెల్టు ధ్వనికి గల భేదము చెవికి తెలిసిన రోజున, క్రొత్త భాష ఒకటి మొదటిసారి అర్థమైనంత సంతోషము కలిగినది. 2019లో ఉస్తాద్ కన్నుమూసినారు. అంచులు అరిగిన ఆయన ఫిల్లర్ గేజిని ఆయన కుమారుడు మాకు తెచ్చి ఇచ్చినాడు. ఆయన కుటుంబములో ఆ పని చేసేవారు ఇప్పుడెవరును లేరు.

చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ తెప్పించుకోదలచిన బండి అది. వచ్చేసరికి ఆయన లేరు. దానిని చూచినప్పుడెల్లా దాని మెరుపుకు ముచ్చట, అది తిరిగిన కొద్ది మైళ్ళకు జాలి కలుగుతుంటాయి. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారము 50 ఏండ్లు దాటి, అసలు రూపు చెడని వాహనములు వింటేజ్ గౌరవము పొందవచ్చును. 20,000 రూపాయల రుసుము, పది సంవత్సరముల గడువు, నెంబరులో వి.ఎ. అను అక్షరములు. మా పద్మినికి 2029లో ఆ అర్హత వస్తుంది. అయితే అట్టి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలుకు తీయవచ్చును గాని నిత్యము వాడరాదు. ఈ విషయము ఇంట చర్చకు వచ్చినప్పుడు అమ్మ, "అదేమన్నా ఉత్సవ విగ్రహమా, ఊరేగింపుకే తీయడానికి? నన్ను మోండా మార్కెట్టుకు తీసుకొని పోయేదే నాకు బండి" అన్నది. చర్చ ముగిసినది. దరఖాస్తు పెట్టదలచుకోలేదు. నడవగలిగినన్నాళ్ళు మామూలు బండిగానే నడుస్తుంది.

మన కళాశాల విద్యార్థులలో కొందరి తాతలు, తండ్రులు రాణిగంజ్‌లో, పుత్లీబౌలీలో ఈ చేతిపనులతోనే ఇల్లు నడిపినవారు. వారి చెవులలో ఉన్న విద్య ఏ గ్రంథాలయములోను దొరకదు. వారు ఉండగానే ఒక్క ఆదివారము ప్రక్కన కూర్చుండి అడగవలసినదిగా మా మనవి. మేము ఏడు సంవత్సరములు ఆలస్యము చేసి, ఎనిమిది సంవత్సరములు మాత్రమే వినగలిగినాము.

ఏ మే నెల ఆదివారమైనా కార్ఖానా రోడ్డు మీద బానెట్ ఎత్తియున్న తెల్లని పద్మిని కనిపిస్తే జాలిపడవద్దు. ఒక సీసా చల్లని నీరు తెస్తే చాలును. తువ్వాలు మా దగ్గరే ఉన్నది.