రంగుల్లేని రంగులాట

మొన్నామధ్య పాత గేమ్‌బాయ్ ఒకటి చేతికొచ్చింది. అందులో డాక్టర్ మారియో క్యాసెట్టు. ఇంకేముంది, ఆదివారం కాస్తా హరీ!

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. ఒక సీసా, 8 గళ్ళ వెడల్పు, 16 గళ్ళ ఎత్తు. అందులో వైరస్‌లుంటాయి. పైనుంచి రెండు సగాల మాత్రలు పడుతుంటాయి. వాటిని తిప్పుకుంటూ ఒకే రంగువి వరసగా నాలుగు పేరిస్తే మాయం. సున్నా లెవెల్లో 4 వైరస్‌లు, 20వ లెవెల్‌కొచ్చేసరికి 84.

1990లో నింటెండో దీన్ని టీవీకి తగిలించే మెషీన్‌కీ, గేమ్‌బాయ్‌కీ కూడా తెచ్చింది. టీవీలో ఎరుపు, పసుపు, నీలం. మరి గేమ్‌బాయ్‌లో? దానికి రంగులే లేవు! అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కలు, పాచిరంగు తెరమీద నాలుగు ఛాయలు. అంతే. రంగుల మీదే బతికే ఆటని అందులో ఎలా పెట్టారంటారా? నలుపు, తెలుపు, మధ్యలో బూడిద. ఆట ఆటలాగే ఉంది.

ఇది నాకెందుకింత నచ్చిందంటే, పుట్టుకతోనే నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా సరిగా తెలీదు.

కొన్నేళ్ళ కిందట ఓ ప్రాజెక్టులో సర్వర్లని చూపించే పేజీ ఒకటుండేది. పేరు పక్కన చుక్క.. ఆకుపచ్చైతే బాగున్నట్టు, ఎరుపైతే పడిపోయినట్టు. నైట్ షిఫ్టు నాది. ఒకటి పడిపోయి నలభై నిమిషాలైనా నేను గమనించలేదు. పొద్దున్నే మేనేజర్ "ఏం చేస్తున్నావయ్యా?" అని నిలదీస్తే, "నిద్రపట్టేసింది సార్" అన్నాను. రంగులు కనబడవని చెప్పడం కన్నా డ్యూటీలో నిద్రపోయానని చెప్పుకోవడమే పరువుగా అనిపించింది. చూడండి ఖర్మ!

గేమ్‌బాయ్ వాళ్ళ దగ్గర రంగు లేదు కాబట్టి ఆలోచించక తప్పలేదు. మనకి కోటి రంగులున్నాయి, అందుకే ఆలోచించం. వెబ్ పేజీలకి 2008లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లోనే ఉంది, ఏ సమాచారాన్నీ రంగు ఒక్కదానితోనే చెప్పొద్దని. ఎంతమందిమి పాటిస్తున్నాం?

పెద్ద పరీక్షేం అక్కర్లేదు. మీరు చేసిన స్క్రీన్‌ని ఒకసారి బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి చూడండి. అర్థమైతే సరే. కాకపోతే పని ఇంకా అవ్వలేదన్నమాట.

ఇప్పుడు డిజైన్ రివ్యూల్లో సిగ్గుపడకుండా చెప్పేస్తున్నాను, "నాకిది కనబడట్లేదు" అని. ఆ చుక్క పక్కన "డౌన్" అని ఒక్క మాట రాసుంటే, ఆ రోజు నాకు అబద్ధమాడే పనే ఉండేది కాదు.